పక్క వరుసలో మొదటి పేరు

నేను ఇబ్రహీంపట్నంలో ఒక దినపత్రికకు చాలా ఏళ్లు విలేకరిగా పనిచేశాను. ఇప్పుడు ఫోనుతోనే వార్త పట్టి, ఫోనులోనే లోకానికి చూపించే పిల్లలు మా ఊళ్లో చాలామంది తయారయ్యారు. వాళ్లలో కొందరు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి కూర్చుంటారు. "అన్నా, మీ జమానాల గుడ బెదిరింపులు ఉంటుండెనా?" అని అడుగుతారు. ఉండేవి. నోటితో చెప్పబోతే సగంలో ఎవరిదో ఒకరి ఫోను మోగుతుంది, ముచ్చట అక్కడే ఆగిపోతుంది. అందుకని ఒక్క సంగతి మాత్రం పూర్తిగా రాసి పెడుతున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. నా పేరు అప్పట్లోనే బయటపడింది కాబట్టి దాని దిగులు లేదు. మిగతావాళ్ల పేర్లు వాళ్ల సొంతం.

సాగర్ రోడ్డు పొడుగునా పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. రింగు రోడ్డు వస్తుందన్నారు, కంపెనీలు వస్తాయన్నారు. నిన్న జొన్న కోసిన చేనులో ఇవాళ సున్నం పూసిన రాళ్లు, రంగు జెండాలు, ముందర ఒక కమాను. మా పేపరు జిల్లా పేజీల్లో సగం ఆ వెంచర్ల ప్రకటనలే. ప్రకటనలు తెచ్చేదీ మేమే, వార్తలు రాసేదీ మేమే. ఆదివారం వెంచరాయన దగ్గర చాయ్ తాగి ప్రకటన తీసుకుని, సోమవారం అతని మీద వార్త పంపితే అది ఎక్కడికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు. మా డెస్కు ఇన్‌ఛార్జి మంచివాడే. ఏ వార్తనూ వద్దనలేదు. "ఇయ్యాల స్థలం లేదన్నా" అనేవాడు. కొన్ని వార్తలకు ఏ రోజూ స్థలం దొరికేది కాదు.

స్థలం దొరకని ఆ వార్తల కోసమే నేను బ్లాగు మొదలుపెట్టాను. బస్ డిపో ఎదురుగా ఉన్న నెట్ సెంటరులో తెలుగు టైపు చేయడం నేర్చుకున్నాను. మారుపేరు పెట్టుకున్నాను. డిపో దగ్గర అందరూ తెలిసినవాళ్లే కాబట్టి, కొత్త రాత, మా భాషలో టపా, పెట్టాల్సిన రోజు బస్సెక్కి ఎల్బీనగర్ పోయి, నన్నెవరూ ఎరగని సెంటరులో కూర్చునేవాణ్ని. నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె అంగన్‌వాడీ టీచరు. "నీకు పేపర్ల రాసుడు సాలదా?" అని ఒకసారి అడిగింది. "నేను రాసేది పేపర్ల వస్తలేదు గదా" అన్నాను. మళ్లీ అడగలేదు.

అప్పట్లో తెలుగులో బ్లాగులు రాసేవాళ్లే తక్కువ. అందులోనూ భూములు, నీళ్లు, బళ్లు, దవాఖానల గురించి రాసి తగువులు కొనితెచ్చుకునేవాళ్లం మరీ కొద్దిమందిమి. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అయినా మా మధ్య మర్యాదలు మాత్రం వియ్యాలవారి మధ్య ఉన్నంత పట్టింపుగా ఉండేవి. బ్లాగు పేజీకి పక్కన సన్నటి వరుసలో, మనకు నచ్చిన బ్లాగుల పేర్లు పెట్టుకుంటాం. పేరు నొక్కితే ఆ బ్లాగు తెరుచుకుంటుంది. దాన్ని లంకె అనేవాళ్లం. ఎవరైనా మన లంకె పెట్టుకున్నారని తెలిస్తే వాళ్ల గడపదాకా పోయి, అంటే వాళ్ల టపా కింద ఒక వ్యాఖ్య రాసి, కృతజ్ఞత చెప్పాలి. తిరిగొచ్చి మన వరుసలో వాళ్ల పేరు పెట్టాలి. "నా లంకె పెట్టుకో" అని నోరు తెరిచి అడగడం లేకితనం. ఒకరి దగ్గర తెలిసిన సంగతి రాస్తే ఎవరి దగ్గర తెలిసిందో చెప్పాలి. అసలు పేరు అడగకూడదు. అన్నిటికన్నా పెద్దది, పెట్టిన లంకెను చెప్పకుండా తీసేయకూడదు. తీస్తే ముఖం మీద తలుపేసినట్టే.

ఇప్పటివాళ్లకు నవ్వొస్తుంది. కానీ మాకున్న బలమంతా ఆ వరుసే. ఎల్బీనగర్‌లో ఒక వకీలు రాసేవాడు, అతనికి చదివేవాళ్లు ఎక్కువ. అతని దగ్గరికి వచ్చినవాళ్లు పక్కన నా పేరు చూసి నా దగ్గరికీ వచ్చేవాళ్లు. పేపరులో స్థలం దొరకని వార్తను పట్నంలో ఎవరో ఆఫీసరు చదివాడంటే ఆ దారినే.

నా వరుసలో మొదటి పేరు ఒక టీచరమ్మది. తుర్కయాంజాల్‌లో ఏదో కాలనీలో ఉంటుందని ఆమె రాతలను బట్టే తెలిసింది. ఎండిన బోర్లు, ట్యాంకరు దగ్గర కొట్లాటలు, నీళ్లు పట్టడానికి బడి మానేసే ఆడపిల్లలు, అవీ ఆమె సంగతులు. నా బ్లాగు లంకెను మొట్టమొదట పెట్టుకున్నది ఆమే. అందుకని నేనూ ఆమె పేరునే అందరికన్నా పైన పెట్టాను.

ఇబ్రహీంపట్నానికి దగ్గర్లో ఒక ఊళ్లో, వాన నీళ్లను గుట్టల మీది నుంచి కుంటలోకి దింపే కాలువ ఒకటుంది. ఒక వెంచరాయన దాన్ని మట్టితో పూడ్చి, మీద రోడ్డు వేసి, రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల రాళ్లు పాతాడు. ఆయనది తరతరాలుగా ఆ చుట్టుపక్కల భూములున్న కుటుంబం. అందరూ పటేల్ అనేవాళ్లు. ఆఫీసర్లు ఆ కాలువను ఫీడర్ ఛానల్ అంటారు. మా అమ్మమ్మ మాత్రం నీళ్ల తొవ్వ అనేది. నేను బ్లాగులో ఆ మాటే వాడేవాణ్ని. మనుషుల తొవ్వ మూస్తే చుట్టు తిరిగి పోతారు, నీళ్ల తొవ్వ మూస్తే నీళ్లు ఇళ్ల మీదికొస్తాయి అని రాశాను. ఫొటోలు పెట్టాను. పేపరుకు కూడా వార్త పంపాను. స్థలం దొరకలేదు.

బ్లాగులో మాత్రం అది నేను అనుకున్నదానికన్నా దూరం పోయింది. వకీలు దాని మీద ఒక టపా రాశాడు, టీచరమ్మ ఒకటి రాసింది. ప్లాటు కొనడానికి పట్నం నుంచి వచ్చినవాళ్లు ఆ పేజీలు ప్రింటు తీసుకొచ్చి, "ఇదేంటండీ, ఇక్కడ కాలువుందట కదా?" అని అడగడం మొదలుపెట్టారట. నాకు లోలోపల సంతోషమైంది. అది ఎక్కువ రోజులు నిలవలేదు.

ఒక మధ్యాహ్నం ఎల్బీనగర్ సెంటరులో బ్లాగు తెరిచేసరికి టపా కింద కొత్త వ్యాఖ్య ఉంది. రాసినవాళ్ల పేరు లేదు. "రాసినోడు ఎవడో గాని జర జల్ది ఇంటికి పోవాలె. ఇంట్ల పిల్లలు ఎదురుసూస్తుంటరు." అంతే. తిట్టు లేదు, బూతు లేదు. టీచరమ్మ బ్లాగు తెరిచాను. అక్కడా అదే. వకీలు దగ్గరా అదే. ఎవరో మా లంకెలు పట్టుకుని ఒక్కో ఇంటి తలుపూ కొట్టుకుంటూ పోయారు. ఆ రోజు బస్సులో వెనక్కి వస్తూ ఎక్కినవాళ్లందరి ముఖాలూ చూశాను.

ఆ వారంలోనే పటేల్ ఫోను చేసి ఆఫీసుకు రమ్మన్నాడు. ప్రకటన కోసమేనని నాకు నేను చెప్పుకుంటూ పోయాను. గదిలో పటేల్, ఇంజనీరింగు చదివిన ఆయన మేనల్లుడు ఉన్నారు. కంప్యూటరు నా వైపు తిప్పి పెట్టారు. తెర మీద నా బ్లాగు.

"సూడు తమ్మీ, గిది సూడు," అన్నాడు పటేల్. కళ్లద్దాలు పెట్టుకుని నా టపాను పైకి చదవడం మొదలుపెట్టాడు. నేను రాసిన వాక్యాలు ఆయన గొంతులో వినడం ఎలా ఉంటుందో ఏం చెప్పను! ఒకచోట ఆగి, "మంచిగనే రాస్తుండు గదరా వీడు," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

"నీకు ఊరూరా మనుషులు ఎర్కే. ఎవడో జర కనుక్కో," అన్నాడు.

"సూస్త పటేలా. పట్నమోల్లెవలో అయ్యుంటరు."

"పట్నమోనికి గుట్ట కాడికెల్లి కుంటదాక కాలువ ఎట్లెర్కైతది? ఈడ తిరిగినోడే." చాయ్ కప్పు నా ముందుకు జరిపాడు. "తాగు. నీ బిడ్డ మంచిగ చదువుతాందా? గా పెద్ద చెట్ల స్కూల్ల ఏసినవ్ గద. ఏమన్న అవసరముంటె చెప్పు. మనోల్లకు మనమే గద చేసుకోవాలె."

ప్రేమగానే అన్నాడు. కానీ నా బిడ్డ ఏ స్కూల్లో చదువుతుందో ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు.

మేనల్లుడు తెర మీద వేలు పెట్టాడు. "మామా, గీ పక్కన పేర్లు సూడు. ఒకలిది ఒకలు పెట్టుకున్నరు. అంత ఒక్కటే గ్యాంగు. గీ మొదటి పేరు ఎవలిదో దొరికితె అందరు దొరుకుతరు."

ఆ వేలి కింద ఉన్నది టీచరమ్మ పేరు.

బయటికొచ్చి స్కూటరు స్టార్టు చేశాను. మొదట తోచింది ఆమె పేరు నా వరుసలోంచి తీసేయాలని. వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఆ వేలు ఏ పేరు మీద పెట్టారో చూసినవాళ్లం ఆ గదిలో ముగ్గురమే. రేపటికల్లా అదే పేరు మాయమైతే బ్లాగు ఎవరిదో వాళ్లకు వెతకాల్సిన పని లేదు. తీస్తే నేను దొరుకుతాను, ఉంచితే ఆమె దొరుకుతుంది.

ఆమెకు మెయిల్ రాశాను. నేనెవరో చెప్పలేదు. వాళ్లు మీ పేరు పట్టుకుని వెతుకుతున్నారు, మీ బ్లాగులో ఇల్లు తెలిసే ఫొటోలుంటే తీసేయండి, నా వరుసలోంచి మీ పేరు తీయమంటే తీస్తాను అని రాశాను. మర్నాడు జవాబొచ్చింది. "మా వీధి ఫొటో ఒకటి ట్యాంకరుతో సహా పెట్టాను, కాలనీ కమాను కూడా కనిపిస్తుంది. తెలివితక్కువ పని. ఇప్పుడే తీశాను. నా పేరు మాత్రం తీయకండి. తీస్తే భయపడ్డామని తెలుస్తుంది. నేను మీ లంకె పెట్టినప్పుడు మిమ్మల్ని అడగలేదు కదా."

ఆ ఫొటోను మేనల్లుడు అప్పటికే దాచుకున్నాడని మా ఇద్దరికీ తెలియదు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే, ఇంటి ముందు ఏ బండి ఆగినా నా భార్య నా ముఖం చూసేది, నేను కిటికీ వైపు చూసేవాణ్ని. బిడ్డను స్కూలుకు నేనే దింపి, నేనే తెచ్చేవాణ్ని. "నాన్నా, నాకు దోస్తులతోని ఆటోల పోవాలనుంటది," అని గొడవ చేసేది. కసురుకునేవాణ్ని. మిగతా బ్లాగుల వరుసల్లోంచి నా పేరు ఒక్కొక్కచోటా రాలిపోతోంది. కొందరు చెప్పి తీశారు, కొందరు చెప్పకుండానే తీశారు. వాళ్లను నేనేమీ అనుకోలేదు. వాళ్లకూ ఇళ్లున్నాయి. వకీలు, టీచరమ్మ మాత్రం కదల్లేదు.

ఒక ఆదివారం భోజనాలవుతుండగా పటేల్ ఫోను. "దొరికింది తమ్మీ. పోదాం పా. పేపరాయన ఎంబడుంటె మర్యాదగ ఉంటది." రానంటే ఎందుకు రావని అడుగుతాడు. చేయి కడుక్కుని లేచాను. నా భార్య గడప దాకా వచ్చింది. సుమో మా గల్లీ మొదట్లోనే ఆగి ఉంది.

ముందు సీట్లో పటేల్, వెనక నేను, మేనల్లుడు. డ్రైవరు లావుపాటి మనిషి. మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. పటేల్ పంచాయితీలకు పోయినప్పుడు వెనక చేతులు కట్టుకుని నిలబడేవాడు, అతణ్ని చూస్తేనే సగంమంది ఒప్పుకునేవాళ్లు. బొంగుళూరు గేటు దాటింది. ఫోను నా జేబులో ఉంది, తీయలేను. చెప్పేద్దామా అనుకున్నాను. "నేనే పటేలా" అన్న రెండు మాటలు నోటిదాకా వచ్చాయి. ఇక్కడ చెబితే బండి ఏ దారి పడుతుందో! అక్కడ, ఆమె ముందు చెబుదాం, ఒక సాక్షి ఉంటుంది అనుకున్నాను. అనుకుంటుండగానే రాగన్నగూడ దాటింది.

కాలనీ కమాను ఆ ఫొటోలో ఉన్నట్టే ఉంది. ఇల్లు చిన్నది. వాకిట్లో బిందెలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఆమె తలుపు తీసింది. యాభైకి దగ్గర పడ్డ మనిషి, పొట్టిగా, కొంగు నడుముకు దోపుకుని ఉంది. చేతులు తడిగా ఉన్నాయి. నలుగురు మగవాళ్లను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది, తర్వాత అక్కడే నిలబడింది.

"ఎవరు కావాలె?"

పటేల్ చేతులు జోడించి తానెవరో చెప్పాడు. నన్ను చూపించి పేపరాయన అన్నాడు. ఆమె లోపలికి రమ్మంది. డ్రైవరు తలుపు దగ్గర నిలబడిపోయాడు. గదిలో మూలకు కంప్యూటరు ఉంది. ఆమె కూర్చోలేదు, దాని ముందు నిలబడింది.

"అమ్మా, మీరు చదువుకున్నోల్లు," అన్నాడు పటేల్. "నా మీద రాసెటోని పేరు మీ దాంట్ల ఎందుకు పెట్టుకున్నరు? ఆడెవడు?"

"నాకు తెలువదు."

"తెలువకనే పెట్టుకున్నవా?" అన్నాడు మేనల్లుడు.

"పక్కింటోల్లు బొట్టు పెట్టి పిలిస్తె మనం పిలువమా? గదీ గట్లనే. ఆయన మంచిగ రాస్తడు, నేను పెట్టుకున్న. నేను రాసేది మంచిగనిపించింది, ఆయన పెట్టుకున్నడు. పేర్లు అడుగుడు మా దాంట్ల లేదు."

"మరి తీసెయ్యి. మా ముందట్నే తీసెయ్యి."

"తియ్య." కంప్యూటరు ముందు నుంచి జరగలేదు. "నేను పెట్టుకున్నది, ఎవలో వచ్చి తియ్యమంటె ఎందుకు తీస్త?"

మేనల్లుడు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. పటేల్ చేయి అడ్డం పెట్టాడు. "ఆగురా. అమ్మా, నేను కుంటకు అన్యాయం చెయ్యలే. రోడ్డు కింద పైపులేస్తున్న. పైపులు తెచ్చి పెట్టిన గుడ. నువ్వు చెప్పు తమ్మీ, నువ్వు సూసినవ్ గద."

అందరూ నా వైపు తిరిగారు. ఏదో ఒకటి మాట్లాడాలి. "అవ్... పైపులు తెచ్చిండ్రు," అన్నాను. "నీళ్ల తొవ్వకు అడ్డం లేకుంట..."

మాట బయటికొచ్చాక గానీ నాకు వినపడలేదు. నా బ్లాగులో తప్ప ఇంకెక్కడా ఎవరూ రాయని మాట అది.

టీచరమ్మ తలెత్తి నన్ను చూసింది. ఒక్క క్షణమే. ఆమె ముఖంలో ఏదీ మారలేదు, కళ్లు మాత్రం నా మీద ఆగిపోయాయి. మేనల్లుడు ఆమెనే చూస్తున్నాడు. పటేల్ ఎటు చూస్తున్నాడో చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఇక చెప్పేద్దామని నోరు తెరిచాను. "పటేలా, అది..."

ఆమె నా మాటకు అడ్డొచ్చింది. "సరే పటేలా. పైపులు ఏస్తున్నమంటున్నరు గద, నాకెందుకు గీ లొల్లి! తీసేస్త." గబగబా కంప్యూటరు ముందు కూర్చుంది. తెర వెలగడానికి పట్టినంత సేపూ మాట్లాడుతూనే ఉంది. ట్యాంకరు రాలేదని, బిందెలు ఖాళీగా ఉన్నాయని, చాయ్ పెడదామన్నా నీళ్లు లేవని. ఎవరినీ ఇంకో మాట అననివ్వలేదు. అందరం చూస్తుండగా నా పేరు తీసేసింది. "అయిపాయె. సాలునా?"

"మంచి పని చేసినవమ్మా," అన్నాడు పటేల్. మేనల్లుడు వంగి తెర చూసుకుని తలూపాడు. వచ్చేటప్పుడు ఆమె మా వెనకే వాకిలి దాకా వచ్చి, బిందెల మధ్య నిలబడింది. నా వైపు మళ్లీ చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడూ నేను వెనక సీట్లోనే కూర్చున్నాను. బొంగుళూరు గేటు దాటాక పటేల్ రోడ్డు వైపు చూస్తూ, ఎవరితోనో కాదన్నట్టు, "నీళ్ల తొవ్వ," అన్నాడు. కొంచెం ఆగి, "మా అవ్వ గుడ గట్లనే అంటుండె," అన్నాడు. అంతే. ఆయనకు తెలిసిందో, అవ్వ గుర్తొచ్చిందో, నాకు ఈనాటికీ తెలియదు. సుమో ఈసారి గల్లీ మొదట్లో ఆగలేదు. మలుపులన్నీ తిరిగి సరిగ్గా మా ఇంటి గేటు ముందు ఆగింది. దారి నేను చెప్పలేదు.

టీచరమ్మ లంకె తీసేసిన సంగతి మావాళ్లందరికీ రెండు రోజుల్లో తెలిసిపోయింది. ఎందుకు తీసిందో ఆమె ఒక్క ముక్క రాయలేదు. రాస్తే నా గుట్టు బయటపడుతుంది. వకీలు కోపంగా ఒక టపా రాశాడు. కష్టకాలంలో పక్కవాడి పేరు చెరిపేసుకునేవాళ్లు ఉద్యమాల గురించి రాయకూడదన్నాడు. దాని కింద వ్యాఖ్యలు చదవలేకపోయాను. పిరికిది అన్నారు, అమ్ముడుపోయింది అన్నారు. అంతకుముందు నా పేరు చప్పుడు లేకుండా తీసేసినవాళ్లు కూడా వచ్చి అన్నారు. అందరూ తమ వరుసల్లోంచి ఆమె పేరు తీసేశారు. ఇప్పుడు ఆమె పేరు ఉన్నది నా ఒక్కడి వరుసలోనే. అది చూసి నన్ను పెద్దమనసున్నవాడని మెచ్చుకున్నారు.

ఆ వ్యాఖ్యలు చూసిన రోజు ఇంటికొచ్చి నా భార్యకు జరిగిందంతా చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తోంది. అంతా విని, గరిటె గిన్నెలో పెట్టి, "ఆమె నీ కోసం తిట్లు తింటాంది, నువ్వీడ అన్నం తింటాన్నవ్," అంది.

"చెప్తె ఏమైతదో నీకెర్కనా?"

"ఎర్కే. పిల్లను మా అవ్వగారింట్ల దింపొస్త. నువ్వు రాయి."

మర్నాడు ఆమె బిడ్డను తీసుకుని బస్సెక్కింది. నేను ఎల్బీనగర్ పోలేదు. డిపో ఎదురుగా ఉన్న నెట్ సెంటరుకే పోయాను, పట్టపగలు, పక్క కుర్చీల్లో తెలిసినవాళ్లు ఉండగా. ఈ బ్లాగు రాసేది నేనే అని రాసి నా పేరు పెట్టాను, ఊరు పెట్టాను, ఉద్యోగం పెట్టాను. టీచరమ్మ నా లంకె ఎందుకు తీసిందో నాకు తెలుసు, ఆమె తీసినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను, నన్ను కాపాడడానికి తీసింది అని రాశాను. నాకు గానీ మా ఇంట్లోవాళ్లకు గానీ ఏమైనా అయితే ఎవరిని అడగాలో కూడా రాశాను. ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను. దిద్దుకుని, నొక్కేశాను.

సాయంత్రానికి డెస్కు ఇన్‌ఛార్జి ఫోను చేశాడు. చాలాసేపు నా ఆరోగ్యం అడిగాడు. చివరికి, "రేపటి నుంచి వార్తలు పంపకన్నా," అన్నాడు. "స్థలం లేదా?" అన్నాను. అతను నవ్వలేదు.

తర్వాత ఏమేమైందో ఇక్కడే చెప్పేస్తాను. పటేల్ నా జోలికి రాలేదు. మారుపేరు వెనకున్న మనిషికి ఏదైనా అయితే ఎవరికీ తెలియదు, నాకు అయితే సాగర్ రోడ్డంతటికీ తెలుస్తుంది. ఆ లెక్క ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ఒక పెళ్లిలో ఎదురుపడితే "తిన్నవా?" అని అడిగి పోయాడు. రోడ్డు కింద పైపులు వేశారు, సన్నవి. పెద్ద వానొస్తే సగం నీళ్లు కుంటకు పోతాయి, సగం ఇళ్లలోకి పోతాయి. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. వకీలు టీచరమ్మకు క్షమాపణ చెబుతూ టపా రాశాడు. తీసినవాళ్లలో చాలామంది ఆమె పేరు తిరిగి పెట్టారు, కొందరికి సిగ్గేసి ఆ ఛాయలకే రాలేదు. ఆమె నా లంకెను మళ్లీ పెట్టుకుంది, ఈసారి నా అసలు పేరుతో. నేను పోయి ఆమె టపా కింద కృతజ్ఞత రాసొచ్చాను. రివాజు రివాజే కదా. నేను ఒక చిన్న వారపత్రికలో చేరి, ఓపిక ఉన్నన్నాళ్లు అక్కడే పనిచేశాను.

కానీ ఇవన్నీ తర్వాతి సంగతులు. పేరు బయటపెట్టిన మర్నాడు ఇంట్లో ఒక్కణ్నే ఉన్నాను. టిఫిను చేయలేదు. ముందు తలుపు గడియ పెట్టి, వెనక తలుపు గడియ పెట్టి, మళ్లీ ముందు తలుపు చూసుకుని కూర్చున్నాను. పొద్దెక్కాక సుమో చప్పుడు వినిపించింది. ఆ ఇంజను చప్పుడు నాకు బాగా గుర్తు. గేటు ముందు ఆగింది. తలుపు సందులోంచి చూస్తే డ్రైవరు ఒక్కడే దిగాడు. పటేల్ లేడు, మేనల్లుడు లేడు. ఈ పనికి ఇతను ఒక్కడు చాలు అనుకున్నాను.

తలుపు కొట్టాడు. తీయకపోతే పగలగొడతాడు, పక్కింటివాళ్లు చూస్తుండగా తీయడమే నయమనిపించింది. తీశాను. గడప బయటే నిలబడి గల్లీకి అటూ ఇటూ చూశాడు.

"అన్నా, జర లోపలికి రావాల్నా? బయట ఎవలన్న సూస్తరు."

అప్పుడు మొదటిసారి అతని గొంతు విన్నాను. అంత ఒంటికి అంత సన్నటి గొంతు. జరిగాను. లోపలికొచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, చేతిలోని తాళంచెవులు తిప్పుతూ నిలబడ్డాడు. చెవులు ఒకదానికొకటి తగిలి ఆగకుండా చప్పుడవుతున్నాయి. అతను తిప్పడం లేదు, చేతులే వణుకుతున్నాయి.

"మాది కొంగరకలాన్ దిక్కు," అన్నాడు. "మా ఊళ్లె గుడ గిట్లనే కాలువ పూడుస్తుండ్రు. పటేల్ కాదు, వేరేటోల్లు. మా బాపు పొలం దాని కిందనే ఉంది. ఎవలకు చెప్పాల్నో తెలుస్తలేదు. నువ్వొచ్చి సూస్తవా?"

"పటేల్‌కు తెలిస్తె?" అన్నాను.

"తెలిస్తె నౌకరి పోతది. ఇంకేమైతదో నాకెర్క లేదా! గా పనులల్ల నేనే ఉంటి గద." తల దించుకున్నాడు. "నా పేరు మాత్రం ఎక్కడ రాయకన్నా."

రాయనన్నాను. దారి చెప్పి, ఊరి బయట ఏ గుర్తు దగ్గర మలుపు తిరగాలో చెప్పి, వచ్చినంత తొందరగా పోయాడు. సుమో చప్పుడు గల్లీ దాటేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాను. అది నిజమేనా, నన్ను ఊరి బయటికి రప్పించే ఎత్తా అన్న అనుమానం మాత్రం పోలేదు.

చెంబెడు నీళ్లు తాగాను. కెమెరా జేబులో వేసుకున్నాను. ఎక్కడికి పోతున్నానో, ఏ వేళకు తిరిగి రావాలో పక్కింటామెకు చెప్పి, స్కూటరు బయటికి తీశాను.